ధర గడిలో ముందే కనబడే అంకె: చీనీ రైతుల యాప్‌తో నా అనుభవం

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) రైతుల సంఘం ఒకటి, తోటలోని కాయను వ్యాపారులకు నేరుగా చూపించి అమ్ముకునేందుకు ఫోన్ యాప్ కావాలని కోరినప్పుడు, దాని తెరలను రూపొందించే పని నాకు వచ్చింది. ఊరి పేరు టైపు చేయించకుండా జాబితాలోంచి ఎంచుకోనివ్వడం, కాయ సైజును ఫొటోలు చూపించి అడగడం వంటివి పెద్ద చర్చ లేకుండానే తేలిపోయాయి. పేచీ అంతా టన్ను ధర రాసే గడి దగ్గర వచ్చింది.

మార్కెట్ యార్డులో నిన్న పలికిన సగటు ధరను ఆ గడిలో ముందే నింపి ఉంచితే రైతుకు శ్రమ తగ్గుతుందని సంఘం కార్యదర్శి వాదన. శ్రమ తగ్గే మాట నిజమే. అయితే, ముందుగా కంటబడిన అంకె మన అంచనాను తనవైపు లాక్కుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్స్కీ, డానియల్ కానెమన్ 1974లోనే రాశారు. 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా అమర్చిన చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగితే, 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25గానూ, 65 చూసినవారిది 45గానూ తేలింది. ఏ సంబంధమూ లేని చక్రమే అంత పని చేసినప్పుడు, నిన్నటి ధర ఊరుకుంటుందా?

మాటలతో తేలేది కాదని, రెండు రకాల తెరలు తయారుచేసి తోటల దగ్గరికే తీసుకువెళ్లాం. ధర నింపి ఉన్న తెరను అందుకున్న ఒక పెద్దాయన, తన కాయ గురించి అంతసేపూ గొప్పగా చెప్పి, ఆ గడి రాగానే ఆగకుండా కిందికి జరిపేశారు. ఎందుకు మార్చలేదని అడిగితే, "ఆడ రాసే ఉండాది కద సారూ, మళ్లా మనం మార్చేదేముంది?" అన్నారు. ఖాళీ గడి ఎదురైనవారు మాత్రం కాసేపు ఆగి, కాయమీద మంగు మచ్చలు ఎంత ఉన్నాయో చూసుకుని, పక్క తోటవాళ్లను ఒక మాట అడిగి మరీ అంకె వేశారు.

నిజానికి రైతులకన్నా మా ప్రోగ్రామర్‌తోనే ఎక్కువ కష్టమైంది. ఎవరైనా తడబడితే చాలు, "ఆ మూలనున్న మూడు చుక్కలు నొక్కండి" అని అందించేవాడు. తెలిసినవాడికి తెలియనివాడి ఇబ్బంది కనబడదు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ జరిపిన ప్రయోగంలో, బల్లమీద పాటల వరుసలు తట్టినవారు వాటిలో సగమైనా వినేవారు పోల్చుకుంటారనుకున్నారు; పోల్చుకున్నవి 120లో 3. అందుకే మా ప్రోగ్రామర్‌కు ఒక నోటుపుస్తకమిచ్చి దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టాం.

చివరికి గడిని ఖాళీగానే ఉంచి, రైతు తన ధర వేశాకే ఆ వారపు కనిష్ఠ, గరిష్ఠ ధరలు కనబడేలా చేశాం. అవీ కొంత లాగుతాయి, కానీ అప్పటికి రైతు సొంత అంకె ఒకటి తెరమీద ఉంటుంది. పక్కనే "ధర తెలియదు" అనే బటన్ ఉండాలని కార్యదర్శి పట్టుబట్టారు, అది న్యాయమైన పట్టే. దాన్ని నొక్కినవారికి సంఘం నుంచి ఫోన్ వెళుతుంది.