ఓవెన్ తలుపు వెనక

లండన్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, వీసా ఒప్పుకునే వారానికి 20 గంటల్లో, నేను అద్దె ఇళ్లు శుభ్రం చేసేవాణ్ణి. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటే మా టీమ్ వెళ్లేది. బాత్రూములు, కార్పెట్లు ఎలాగోలా అయిపోతాయి. అసలు పని ఓవెన్ దగ్గరే.

ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగు కుటుంబం ఖాళీ చేస్తున్న ఇల్లు అది. వంటగది అలమరలో బిగించిన పాత ఓవెన్. ఏళ్ల తరబడి చిందిన నూనె మాడి మాడి గోడలకు తారులా పట్టేసింది. గోరుతో గీకినా రాలేదు. నేను స్టీలు పీచు తీయబోతే, మాకు పని నేర్పే భీమవరం అక్క ఆపింది.

"ఆగు తమ్ముడూ, ముందు కరెంటు ఆపు. ఇది తోమితే పోయేది కాదు, నానితే పోయేది."

గోడ మీద ఓవెన్‌కి వేరే పెద్ద స్విచ్ ఉంటుంది. అది కట్టేసి, లోపలి కడ్డీల అరలు తీసి, స్నానాల తొట్టిలో పాత తువ్వాలు పరిచి వేడినీళ్లలో నానబెట్టాం. తువ్వాలు లేకపోతే తొట్టికి గీతలు పడతాయి. తర్వాత తలుపు ఊడదీయాలి. రెండు పక్కలా చిన్న కొక్కేలు వెనక్కి తిప్పి, తలుపు సగం మూసి, పైకి ఎత్తాలి. కొక్కెం సరిగా పడకపోతే స్ప్రింగు ఎలకల బోనులా వేళ్లను పట్టేస్తుంది.

లోపల పూసేది కాస్టిక్ సోడా జెల్. అది మాడిన కొవ్వును సబ్బుగా మార్చేస్తుంది. కొన్ని ఓవెన్లలో పక్క గోడలకు గరుకైన బూడిదరంగు పలకలుంటాయి. వాటికి మాత్రం జెల్ తగలకూడదు. అవి 200 డిగ్రీలు దాటిన వేడికి జిడ్డును వాటంతటవే కాల్చుకుంటాయి, జెల్ తగిలితే ఇక పనికిరావు.

గ్లౌజుకీ చొక్కా చేతికీ మధ్య ఒక చుక్క పడింది. మొదట మంట లేదు, సబ్బు పట్టుకున్నట్టు జారుడు. అక్క నా చెయ్యి లాగి కుళాయి కింద పెట్టి, గడియారం చూస్తూ 20 నిమిషాలు కదలనివ్వలేదు. "నీ చర్మంలో కొవ్వే సబ్బవుతోంది రా" అంది. చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ మాటతో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కట్టెల పొయ్యి మీద పెట్టేముందు గిన్నె అడుగున మట్టి పూసేది, మసి తేలిగ్గా పోవడానికి. జిడ్డు గిన్నెల్ని బూడిదతో తోమేది. బూడిదలో ఉన్నదీ క్షారమే, నూనెతో కలిసి అదీ సబ్బే అవుతుంది. అమ్మమ్మ పనిలో ఇంత కెమిస్ట్రీ ఉందని నాకు ఈస్ట్ హామ్‌లో తెలిసింది.

మూడు గంటల తర్వాత తుడిస్తే ముదురు బెల్లం పాకంలా వచ్చేసింది. నల్లటి ఎనామిల్ మీద నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నాకు ఎంత ఆనందమేసిందో! తలుపు రెండు అద్దాల మధ్య కారిన గోధుమరంగు చారలు మాత్రం గంట తిన్నాయి.

ఆ చారలు ఆ కుటుంబానివి కావు. వాళ్లు చేరేనాటికే ఓవెన్ అలా ఉందట, కానీ ఫోటో లేదు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి, డబ్బిచ్చి క్లీనింగ్ చేయించి తీరాలని ఇంటి యజమాని షరతు పెట్టడానికి వీల్లేదు. డిపాజిట్ కూడా మామూలు అద్దెలకు ఐదు వారాల అద్దె దాటకూడదు. అయితే చేరిననాడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగించాలి. ఎంత శుభ్రంగా ఉందో చూపించడానికి ఆ రోజు తీసిన ఫోటోలు పనికొస్తాయి. కొత్తగా వచ్చేవాళ్లూ, దయచేసి సామాను దించకముందే ఓవెన్ తలుపు తెరిచి, అరలు, అద్దం, ఫ్యాను పలక, అన్నీ ఫోటో తీసుకోండి. ముందువాళ్ల జిడ్డుకి మీ డిపాజిట్ పోకూడదు.

కడిగి, వెనిగర్ నీళ్లతో తుడిచి, తలుపు బిగించి, కిటికీలు తెరిచి పావుగంట వేడి చేశాం. వాసన రాలేదు. చల్లారాక ఆ ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ తీశారు. "మేడమ్, అద్దం కూడా తీసుకోండి" అంటూ అక్క టార్చి పట్టుకుంది.