ట్యాంకర్ నీళ్లు తాగిన లాన్

అనంతపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందర 600 చదరపు అడుగుల జాగా వదిలి లాన్ వేయించాను. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆఫీసు ముందు చూసి మనసు పడ్డ గడ్డి అది. రెండేళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ గేటు దగ్గరే ఆగి "బాగుందే" అన్నారు. మూడో ఏడు ఏప్రిల్‌లో బోరు మోటారు గాలి లాగడం మొదలుపెట్టింది. ఇక ట్యాంకర్లే దిక్కయ్యాయి.

నెలకు రెండుసార్లు వచ్చే తోట పని పెద్దాయన, లాన్‌లో మొలిచిన గరిక పీకి పారేస్తూ ఒకరోజు అడిగాడు. "ఏం సార్, వాడుకునేదానికి కొంటారు సరే, గడ్డికి గూడా నీళ్లు కొని పోస్తాండారే?" అప్పుడు నవ్వేశాను కానీ రాత్రి కాగితం మీద లెక్క వేశాను.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. మండే ఎండల్లో ఆ గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి. మా లాన్ 56 చదరపు మీటర్లు. అంటే రోజుకు 280 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ 18 రోజులకు కూడా రాదు. అదే లెక్క మేడకు వేసి చూశాను. కప్పు 110 చదరపు మీటర్లు, మా ఊళ్లో ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 48 వేల లీటర్లు, తొమ్మిది ట్యాంకర్లకు పైనే. ఇన్నాళ్లూ ఆ నీళ్లు ఎక్కడికి పోయాయని ఎవరినీ అడగక్కర్లేదు. ముంగిట్లో తడి నిలవకూడదని నేనే మేస్త్రీ పక్కన నిలబడి రోడ్డు వైపు వాలు పెట్టించాను. వాన నీళ్లు రోడ్డుకు తోలేసి, డబ్బులిచ్చి ట్యాంకర్ పిలుచుకుంటున్నానన్నమాట.

లాన్‌కు నీళ్లు ఆపేశాను. రెండు వారాల్లో గోధుమ రంగుకు తిరిగింది. అమ్మ నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

జూన్‌లో మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని ముంగిట్లో నిలబడ్డాను. నీళ్లు ఎక్కడ నుంచి దిగుతున్నాయి, ఎటు పారుతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి అని చూసి ఒక్కోచోట ఇటుక ముక్క పెట్టాను. ఎదురింటాయన "ఏమైందన్నా?" అని కంగారుగా అడిగాడు. నాకు బాగా ఉపయోగపడిన అరగంట అదే. ఆ ఇటుకల్ని బట్టే మొత్తం ప్లాన్ గీసుకున్నాను. వాలు లోపలికి తిప్పించి, పునాదికి పది అడుగుల అవతల ఆరడుగుల లోతున ఇంకుడు గుంత తవ్వించాను. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. మేడ పైపు అందులోకే దిగుతుంది. పైపుకు ఒక వాల్వ్ పెట్టి, కప్పు మీది దుమ్ముతో వచ్చే మొదటి వాన నీళ్లు బయటికి వదిలేస్తున్నాం. నడిచే దారికి సిమెంటు బదులు తాడిపత్రి బండలు, మధ్యలో రెండేసి వేళ్ల సందు వదిలి పరిపించాను.

ఇక్కడిదాకా బాగానే వచ్చింది. తర్వాతే తప్పు చేశాను. ఫోన్లో ఫొటోలు చూసి, గడ్డి పోయిన చోటంతా తెల్ల గులకరాళ్లు పోయించాను. చూడ్డానికి హోటల్ ముంగిలిలా ఉంది. మరుసటి వేసవిలో ఆ రాళ్ల వేడికి నందివర్ధనం ఆకులు అంచులు మాడిపోయాయి, సాయంత్రం ముందు గదిలో కూర్చోలేకపోయాం. రాళ్లన్నీ ఎత్తించేశాను. వాటి చోట మా జిల్లాలో కొదవ లేని శనక్కాయ పొట్టు నాలుగు వేళ్ల మందాన పరిచాం. దాని కింద మట్టిని వేలితో తవ్వితే మూడో రోజు కూడా తేమ తగిలేది. గోడ దాకా పరిచినందుకు మాత్రం చెదలు పట్టి తలుపు ద్వారబంధం ఎక్కాయి. ఇప్పుడు గోడకు రెండడుగులు, మొక్క మొదలుకు జానెడు ఖాళీ వదులుతున్నాను.

మొక్కల్ని అందం చూసి కాకుండా దాహం చూసి జట్లు కట్టాను. బట్టలు ఉతికే చోట నీళ్లు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అరటి, మెట్టతామర అక్కడ. ప్రహరీ పొడవునా కాగితం పూలు, గేటు పక్కన దేవగన్నేరు, దారి వెంట బిళ్ళగన్నేరు. ఎర్ర గన్నేరు మా ఎండలకు జంకదు కానీ చెట్టంతా విషమే. చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లు కాబట్టి దాన్ని పెరటి మూలకు పంపాను. తంగేడు పెడతానంటే అమ్మ "గుట్టల్లో మొలిచేదాన్ని ఇంట్లో పెడతావా?" అంది. నర్సరీలోనూ దొరకలేదు. రోడ్డు పక్క కాయలు ఏరి, గట్టి గింజలు కదా అని వేడి నీళ్లలో నానబెట్టి నాటాను. నాలుగు మొలిచాయి. పూసినప్పుడు చూడాలి ఆ పసుపు.

నీళ్లు తక్కువ తాగే మొక్క అంటే నీళ్లు అక్కర్లేని మొక్క అనుకుని మొదట్లో కొన్నింటిని చంపుకున్నాను. గోదావరి జిల్లాలో కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కలు నీడ పందిరి కింద, గోదావరి నీళ్లు తాగి పెరిగినవి. వాటిని తెచ్చి నేరుగా ఏప్రిల్ ఎండలో నాటింది నేనే. ఇప్పుడు జూలైలోనే నాటుతున్నాను. మా దగ్గర వాన బాగా పడే సెప్టెంబరు నాటికి వేరు పట్టుకుంటుంది. అయినా మొదటి ఏడాది పాదు చేసి, వారానికి రెండుసార్లు నిండా తడపాల్సిందే. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది.

డ్రిప్ నేనే బిగించుకున్నాను. 16 మిల్లీమీటర్ల పైపు, గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు 40. వేసవిలో నాలుగు రోజులకోసారి రెండు గంటలు వదులుతాను. ఒక తడికి 320 లీటర్లు, రోజుకు చూస్తే 80. పెట్టాక మర్చిపోవచ్చు అని అమ్మినతను చెప్పాడు కానీ అది ఒట్టిమాట. మా బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. నెలకోసారి పైపు చివర విప్పి నీళ్లు వదలాలి. దాహమేస్తే ఉడుతలు పైపునే కొరుకుతాయి. ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టాక కొరకడం తగ్గింది.

బోరు నిండిపోయిందని చెప్పను. నిరుడు మే నెలలో రెండు ట్యాంకర్లు తెప్పించుకున్నాం, రెండూ ఇంటి వాడకానికే.

చచ్చిపోయిన లాన్‌లో ఒక మూల మాత్రం ఏమీ నాటకుండా వదిలేశాను. మొదటి వానలకే అక్కడ గరిక దానంతటదే అల్లుకుంది. పోయిన వినాయక చవితికి తెల్లారకముందే మా గేటు ముందు నలుగురు పిల్లలు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. అమ్మ వాళ్లను లోపలికి పిలిచి, తొక్కకుండా ఎక్కడ కూర్చుని తెంపుకోవాలో చూపించింది. పెద్దాయన కూడా ఇంటికి గుప్పెడు తీసుకెళ్లాడు.