ఎవరి తాలూకు?

మా శ్రీకాకుళం వైపు కొత్త మనిషి ఎదురైతే పేరు కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎవరి తాలూకు?" పెళ్లింట్లో, పల్లెవెలుగు బస్సులో, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పే చోట, ఎక్కడైనా ఇదే. ఫలానా మాస్టారి మనవరాలిని, ఫలానా వారి చిన్నకోడలిని అని చెప్పాక గానీ మాట ముందుకు సాగదు. అడిగేవాళ్ల మనసులో చెడేమీ ఉండదు. కానీ తండ్రి లేని పిల్లకి, గొప్పగా చెప్పుకోవడానికి ఇంటిపేరు కూడా లేని పిల్లకి ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. నాకు గుచ్చుకునేది. నేను నోరు తెరిచేలోపే "పిక్కలు కొడుతుంది కదా, ఆవిడ కూతురు" అని పక్కవాళ్లు జవాబు చెప్పేసేవారు.

అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఇప్పటికి ముప్పై ఏళ్ల పైమాటే. జీడిపిక్క పెంకు పగలగొట్టి, లోపలి పప్పు విరగకుండా బయటికి తీయాలి. ఆ పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే కాలుతుంది, పొక్కుతుంది. అందుకని చేతులకు బూడిదో ఆముదమో రాసుకుని పనికి కూర్చుంటారు. అయినా కొన్నాళ్లకు వేళ్లు నల్లబడిపోతాయి. తీసిన పప్పుకి గ్రేడు ఉంటుంది. నిండు పప్పులో 180, 210, 240, 320 అని నంబర్లు. ఒక పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. నిలువునా విడిపోతే బద్ద, ఇంకా విరిగితే ముక్క, ధర పడిపోతుంది. సాయంత్రం అమ్మ మొహం చూస్తే చాలు, ఆ రోజు ముక్క ఎక్కువ పడిందో లేదో తెలిసిపోయేది. పప్పుకి కట్టే ధరే తనకీ కట్టుకునేది మా అమ్మ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదుగానే తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అప్పుడు పని లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు. తిండికి కష్టమనే అనుకున్నాను. అది ఒక్కటే కాదని తర్వాత అర్థమైంది. పని లేకపోతే తను ఎవరో తనకే తెలియడం లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు రేషన్ షాపులో జరిగింది చెప్పాలి. బియ్యానికి వెళ్లింది. మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ముద్ర పడలేదు. ఇంకో వేలు పెట్టమన్నారు. చీరకి తుడుచుకుని పెట్టింది. పది వేళ్లూ అయిపోయాయి. వెనక లైనులో వాళ్లు విసుక్కుంటుంటే పక్కకి జరిగి, ఖాళీ సంచితో ఇంటికి వచ్చేసింది. ఏళ్ల తరబడి జీడి నూనె తగిలి గీతలన్నీ అరిగిపోయాయి మరి. తర్వాత కంటిపాప స్కాన్ చేసి బియ్యం ఇచ్చారు కానీ, ఆ రోజు గుమ్మంలో కూర్చుని అమ్మ అన్న మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. "నాను నానేనని ఆ మిషన్‌కి ఎలాగ సెప్పీదమ్మా?"

మా చర్చి సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉంటుంది. రొట్టె కోసం చేయి చాచేటప్పుడు అమ్మ చీర చెంగు అరచేతి మీద కప్పుకునేది. చాలాకాలం అది భక్తి అనుకున్నాను. ఒక ఆదివారం పక్కనే నిలబడి చూశాను. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా, నున్నగా ఉన్నాయి. గోటి పక్కన చర్మం పొరలుగా లేచి ఉంది. చెంగు ఒకవైపు జారితే గబుక్కున సర్దుకుంది. పాస్టర్ గారికి ఆ వేళ్లు కనబడకూడదని ఆ తాపత్రయం.

దేవుని ఏర్పాటు అనే అంటాను, ఆ రోజు చదివిన వాక్యం బైబిల్లో యెషయా గ్రంథం 49వ అధ్యాయం. "యెహోవా నన్ను విడిచిపెట్టియున్నాడు, ప్రభువు నన్ను మరచియున్నాడు" అని సీయోను, అంటే యెరూషలేము, ఏడుస్తుంది. దానికి జవాబుగా 16వ వచనం వస్తుంది. "చూడుము, నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను."

అమ్మకి చదవడం అంతగా రాదు. ఇంటికి వచ్చాక మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. కాసేపు ఆగి, "చెక్కడమంటే రాయి మీద చెక్కినట్టేనా?" అని అడిగింది. నిజానికి అక్కడ ఉన్న హెబ్రీ మాట అలాంటిదే. యెషయా 22లో బండను తొలిచి నివాసం చేసుకునేవాడి గురించి చెప్పినచోట వాడింది కూడా ఆ మాటనే. అవునన్నాను.

"అయితే అరగదన్నమాట" అంది అమ్మ.

ఆ ఒక్క మాటతో నేను ఈ వచనాన్ని ఇన్నాళ్లూ పైపైన చదివానని తెలిసింది. ఈ మాట ఎవరికి వచ్చిందో చూడండి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టింది, ఆలయాన్ని కాల్చింది, ప్రాకారాలు కూల్చింది, జనాన్ని చెరపట్టుకుపోయింది. పరాయి దేశంలో వాళ్లకి ఊరు లేదు, గుడి లేదు. అంతకుముందే చెరకు వెళ్లిన దానియేలుకు పేరు కూడా మార్చి బెల్తెషాజరు అన్నారు. బబులోనులో బానిస చేతి మీద యజమాని పేరు గుర్తుగా వేయడం ఉండేది. ఎవరి తాలూకు అని ఎవరూ అడగక్కర్లేదు, చేయి చూస్తే చాలు. అలాంటి చోట ఉన్నవాళ్లతో దేవుడు అంటున్నాడు, నీ పేరు నా చేతి మీద ఉందని. యజమానే బానిస పేరు తన అరచేతిలో చెక్కుకున్నాడు!

మా అమ్మమ్మ ముంజేతి మీద తాతయ్య పేరు పచ్చబొట్టు ఉండేది. వేసినప్పుడు చేయి వాచిపోయిందని చెప్పేది. చెక్కించుకునేవాళ్లకి నొప్పి తప్పదు. యెషయాలో ఈ మాట చదివిన క్రైస్తవులు, యేసు చేతులకు మేకులు కొట్టి సిలువ వేసిన కల్వరి వైపు చూడకుండా ఉండలేరు. మృతులలోనుండి లేచిన ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు వాళ్లు భూతమనుకుని హడలిపోయారు. తను తనేనని ఆయన ఎలా రుజువు చేసుకున్నాడు? "నేనే ఆయనను అనుటకు నా చేతులను నా పాదములను చూడుడి" అన్నాడు, లూకా 24:39లో. గాయపడిన చేతులు. మహిమ శరీరంలో కూడా ఆయన ఆ గుర్తుల్ని చెరిపేసుకోలేదు, చెంగు కప్పుకోలేదు. ఈ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను టీచర్ ఉద్యోగం కోసం డీఎస్సీ రాసి తప్పాను. ఇంటికి ఎవరు వచ్చినా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే వంటింట్లోకి తప్పుకునేదాన్ని. అమ్మ చెంగుతో అరచేయి దాచుకుంటే, నేను మనిషినే దాచుకున్నాను. నేను 320లో పడతానా, ముక్కల్లో పడతానా అన్న టెన్షనే రాత్రింబగళ్లు. ఆ రోజుల్లో 1 కొరింథీయులకు 15:10 నన్ను పట్టుకుంది. "అయినను నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను." రాసింది పౌలు. సంఘాన్ని హింసించినవాడు, అపొస్తలుడనని పిలువబడటానికి యోగ్యుడను కానని అంతకుముందు వచనంలోనే ఒప్పుకున్నవాడు. అదే ఊపులో, తను అందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డానని కూడా అంటాడు. ముందు కృప, తర్వాత ప్రయాస. మనం దాన్ని తిరగేసి, ప్రయాసపడి విలువ తెచ్చుకుని అప్పుడు దేవుని దగ్గరికి వెళ్దామనుకుంటాం. ఆ దారిన వెళ్తే ముద్ర పడని రోజున ఖాళీ సంచే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. కృప ఉంది కదా అని ఆ ఆడవాళ్ల వేళ్లు కాలిపోతే చూస్తూ ఊరుకోమని దేవుడు చెప్పలేదు. చేతులకు గ్లౌజులు, చేసిన పనికి సరైన కూలి అడగడం విశ్వాసానికి తక్కువేమీ కాదు. దేవుని చేతిలో పేరున్న మనిషి చేతిని లోకువగా చూడకూడదని కదా మనం నమ్మేది.

అమ్మ ఇప్పటికీ పనికి వెళ్తోంది. ప్రభు బల్ల దగ్గర మాత్రం చెంగు కప్పుకోవడం మానేసింది. ఎప్పటినుంచో నేను గమనించలేదు. ఎవరికీ చెప్పకుండానే మానేసింది.

మొన్న రేషన్ షాపుకి నేనూ వెంట వెళ్లాను. మళ్లీ ముద్ర పడలేదు. కంటికి పెట్టమన్నారు, పెట్టింది. వెనక ఒక అమ్మాయి, కొత్తగా పనిలో చేరినట్టుంది, వేళ్లు ఇంకా పచ్చిగా పొక్కి ఉన్నాయి, పిడికిలి మూసి సంచి కింద పెట్టుకుంది. అమ్మ ఆ పిల్ల చేయి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది.

"పిక్క పట్టుకోకముందే ఆముదం రాసుకోవాలమ్మా. ఎవరి తాలూకు నువ్వు?"