తొక్క విప్పే ద్రాక్ష, గెంతే అనపగింజ

జనవరి చలిలో బెంగళూరు మెజెస్టిక్‌లో దిగి, మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కి, రెండో స్టేషన్ కె.ఆర్. మార్కెట్‌లో దిగాం. పని: ఒక తిండి, వైను పండుగకు సరదా బొమ్మలు. ఇంట్లో కూర్చుని గీస్తే గుత్తి, గ్లాసు, ఫోర్కు తప్ప ఇంకోటి రాదు. అందుకే ముందు బజారు.

బెంగళూరు బ్లూ ద్రాక్ష గుత్తి కొని ఒక పండు నొక్కాం. తొక్క వేళ్లలో మిగిలింది, గుజ్జు ముద్దగా జారింది. దేవనహళ్లి, దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం వైపు పండే ఈ రకానికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొక్క మీది తెల్లటి బూడిద పొరను గుడ్డతో తుడిచేయకుండా గీయాలి. రంగు నీలంగా కనిపించేది దానివల్లే.

అక్కణ్నుంచి నేషనల్ కాలేజీ స్టేషన్, వి.వి.పురం తిండి వీధి. దోసెలోనూ ఉప్మాలోనూ అవరెకాయే. అంటే మన అనపకాయే. నానిన గింజను పితికితే తొక్క ఊడి పప్పు ఎగిరిపడుతుంది. చిత్తూరు వాళ్లకు పితికిపప్పు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కన్నడంలో హితికిద బేళె. మన ‘ప’ వాళ్లకు ‘హ’ అయింది, అంతే. ద్రాక్షదీ అనపదీ ఒకటే విద్య కదా! తొక్కను చొక్కాలా విప్పుతున్న ద్రాక్ష, విప్పేసి గెంతుతున్న అనపగింజ: జంట కుదిరింది.

కళ్లు రెండు చుక్కలు చాలు. పళ్లు పెడితే టూత్‌పేస్టు ప్రకటన అయిపోతుంది. సీసాకూ గ్లాసుకూ మాత్రం ముఖం పెట్టకూడదు, పిల్లల చూపు వాటి మీదకు పోతుంది. వైను స్టాళ్ల వైపు ఉత్త తీగ, ఆకులు చాలు.

మధ్యాహ్నం సుల్తాన్‌పేట ప్రెస్సు వీధులు. కాగితం మీద ఊదా రంగుకు నాలుగు అచ్చు సిరాలను శాతాల్లో సయాన్ (లేత నీలం) 75, మెజెంటా (ముదురు గులాబీ) 85, పసుపు 10, నలుపు 15 దగ్గర మొదలుపెట్టి నమూనా తీయించాలి. తెర మీద చూసి ఒప్పుకుంటే మోసమే. అసలు చిక్కు స్క్రీన్ ప్రింటింగ్ చేసే నూలు సంచులతో. తెల్లబరచని గుడ్డ పసుపు ఛాయ. నీటి సిరా పలచన, అడుగు రంగు పైకి కనబడి ఊదా కాస్తా గోధుమ రంగవుతుంది. కింద తెల్ల పూత వేస్తే రంగు నిలుస్తుంది, కానీ ఇంకో స్క్రీన్ (సిరా దిగే జాలి చట్రం) ఖర్చు, గుడ్డ బిరుసు. మాకు నచ్చింది ఊదాను వదిలి ముదురు నీలం, ఆకుపచ్చ, రెండే రంగులు. సెంటీమీటరుకు 43 దారాల మెష్ (స్క్రీన్ జాలి) అయితే గీత 0.5 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు, తెగిపోతుంది. రెండు రంగులు తాకేచోట 0.4 మి.మీ. ఒకదాని మీదకు ఒకటి ఎక్కాలి. లేకుంటే స్క్రీన్ ఏ కాస్త జరిగినా మధ్యలో గుడ్డ తొంగిచూస్తుంది.

అక్షరాల దగ్గర తెలుగువాళ్లకు ఒక ప్రమాదం. కన్నడం మన లిపిలాగే ఉందని తలకట్టును మన టిక్కు గుర్తులా లాగేస్తాం. వాళ్లది అడ్డంగా సాగి కొసలో వంగుతుంది. వ్యాపార బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన 2024లో చట్టమైంది కాబట్టి ద్వారం బోర్డును కన్నడంతోనే మొదలుపెట్టి, ఒత్తులు కింది వరుసను తగలకుండా అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఎడం ఇవ్వాలి.

చివరి పరీక్ష 15 మి.మీ. కూపన్ ముద్ర. అందులో అనపగింజ కాళ్లు సిరాలో కలిసిపోయాయి. కాళ్లు తీసేసి, నడుము ఇంకాస్త వంచి, విప్పిన చొక్కాను మాత్రం గాల్లో ఉంచాం.