లేనివాడెవడు, ఎక్కువైనవాడెవడు

మన బడి పూర్వవిద్యార్థుల కలయిక కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేసి "ఒక్క పేజీ చాలు, లెక్కల మాస్టారి గురించి తప్పకుండా ఉండాలి" అన్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకు గుర్తులేవు. గుర్తున్నవి రాస్తే ఇద్దరు నాతో మాట్లాడరు. అందుకని నేరుగా మన నాగార్జునకొండ విహారయాత్రకే వస్తాను.

లాంచీ దిగి బస్సెక్కాం. క్లాసు లీడరు తలలు లెక్కపెట్టాడు. వెళ్లింది 42, వచ్చింది 42. డ్రైవరు బండి కదిలించబోతుంటే మాస్టారు పైజేబులోంచి మడత కాగితం తీసి పేర్లు పిలిచారు. పదిహేడో పేరుకు జవాబు లేదు. మన గంటగాడు రేవులో మొక్కజొన్న పొత్తు కాలేదాకా నిలబడిపోయాడు. మరి 42 ఎలా సరిపోయింది? చివరి సీట్లో వేరే బడి పిల్లవాడు, అదే తెల్లచొక్కా, అదే ఖాకీ నిక్కరు, మన పులిహోర తింటూ దొరికాడు.

"ఎంతమందో కాదురా, లేనివాడెవడు, ఎక్కువైనవాడెవడు, అది చెప్పు!" అన్నారు మాస్టారు చెవి మెలిపెట్టి. ఆ చెవి ఎవరిదో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ చెవిగలవాడు హైదరాబాదులో జావా ప్రోగ్రాములు రాసే పదకొండుమందికి పెద్ద. ఆమధ్య మా కుర్రవాడొకడు లావాదేవీల జాబితాకు యూనిట్ టెస్టు, అంటే ప్రోగ్రాములో ఒక చిన్న ముక్క సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష, రాశాడు. జాబితాలో టీ1, టీ2, టీ3 అనే ఐడీలవి ఉండాలి. సైజు మూడా, మూడే. టెస్టు పాసై పచ్చగా వెలిగింది. తీరా చూస్తే టీ1 రెండుసార్లు ఉంది, టీ3 అసలు లేదు. సరిచేయమంటే, అన్నీ ఉన్నాయా లేదా అని మాత్రం అడిగేలా అసర్ట్‌ట్రూలో కంటెయిన్స్‌ఆల్ పెట్టాడు. ఈసారి ఎర్రబడింది గానీ, "ట్రూ రావాలి, ఫాల్స్ వచ్చింది" అని ఊరుకుంది. బస్సులో ఏదో తేడా ఉందండీ అన్నట్టు! పక్కన కూర్చుని, టెస్టులు రాయడానికి వాడే లైబ్రరీ అసర్ట్‌జేలో ఎక్స్‌ట్రాక్టింగ్‌తో ఐడీలు మాత్రం తీసి, కంటెయిన్స్ ఎగ్జాక్ట్‌లీ ఇన్ ఎనీ ఆర్డర్ (వరుస ఏదైనా సరే, సరిగ్గా ఇవే ఉండాలి) అని మూడు పేర్లూ రాయించాను. దొరకనిది టీ3, అనుకోకుండా వచ్చింది టీ1 అని తెర మీద పడింది. అచ్చం మాస్టారి కాగితమే. ప్రార్థనలో ఎత్తు ప్రకారం నిలబెట్టినట్టు వరుస కూడా చూడాలంటే ఆ ఇన్ ఎనీ ఆర్డర్ తీసేస్తే సరి.

మావాళ్లిప్పుడు ఏ టెస్టు చూసినా "మాస్టారు ఒప్పుకుంటారా?" అని అడుగుతారు. ఒక్కరూ ఆయన్ను చూసినవాళ్లు కారు.

అన్నట్టు, భోజనాలకు కమిటీ మళ్లీ సంఖ్య అడుగుతోంది. దయచేసి పేర్లు పంపండి. కిందటిసారి విస్తళ్లన్నీ లెక్కకు సరిపోయాయి, గంటగాడు మాత్రం పస్తున్నాడు.