ఫులూస్ మాఫీ

దుబాయికి వచ్చిన మొదటి వారం. అల్ కూజ్‌లో మా సైటు దగ్గర ఒక పఠాన్ పెద్దాయన, లారీ డ్రైవరు, ఖాళీ జేబులు చూపిస్తూ "ఫులూస్ మాఫీ" అన్నారు. ఫులూస్ అంటే డబ్బులని అప్పటికే తెలుసు. జగిత్యాలలో అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చినవాణ్ణి, మాఫీ అనగానే నాకు తోచింది రుణమాఫీయే. ఈయన అప్పు ఎవరో రద్దు చేశారు, అదృష్టవంతుడు అనుకున్నాను. రాత్రి గదిలో కడప అన్న చెప్పాడు, ఇక్కడ మాఫీ అంటే 'లేదు' అని. అరబ్బీలో 'మా ఫీ'. మన మాఫీ కూడా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిందే కానీ, అది వేరే మాట.

అసలు అరబ్బీలో ఆడా మగా, ఒకరా పలువురా అన్నదాన్ని బట్టి క్రియ మారుతుంది. కూలీల అరబ్బీలో అవన్నీ రాలిపోయాయి. 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. తెలియకపోతే 'మాఫీ మాలూమ్', ఫర్వాలేదంటే 'మాఫీ ముష్కిల్'. వచ్చీరాని భాష అని ఎవరైనా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది. నేపాలీ, బెంగాలీ, పఠాన్, తెలుగువాడు ఒకే పరంజా మీద నిలబడి ఒకరినొకరు హెచ్చరించుకునేది ఈ మాటలతోనే. అరబ్బులూ మాతో ఇలాగే మాట్లాడతారు. వాళ్ల సొంత మాటల్లోనూ మనవి ఉన్నాయి: తిన్నగా వెళ్లమంటే 'సీదా', ఫ్యానుకు 'బంకా', అంటే మన పంఖా. 1966 దాకా ఇక్కడ చెలామణీ అయింది రూపాయలే కదా.

పేట మారితే మాట మారుతుంది. క్యాంపులున్న ముహైస్నాను అందరూ హిందీలో సోనాపూర్ అంటారు. కరామా కొట్లలో మలయాళం, మెరీనాలో ఇంగ్లీషు. ఒక్క దిర్హం ఇచ్చి అబ్రా పడవలో దేరా నుంచి బర్ దుబాయికి దాటేలోపు ఐదారు భాషలు చెవిన పడతాయి.

మా గదిలో తెలుగూ మారింది. నాకు పల్లీలు, కడప అన్నకు శనక్కాయలు, కోనసీమ తమ్ముడికి వేరుశనగ గుళ్లు. బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, వెళ్తే ముగ్గురమూ 'మూంగ్‌ఫలీ' అంటాం. ఇప్పుడు గదిలోనూ అదే మాట. నాకది బాధగానే ఉంటుంది.

ఈ కూలీల భాషలో 'మీరు' లేదు. చిన్నా పెద్దా అందరికీ 'ఇంతా'యే, అంటే 'నువ్వు'. మా నాన్న వయసున్న ఆ పఠాన్‌ను అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. 'చాచా, ఇంతా' అన్నాను. ఇప్పుడు సైటులో నేపాలీ కుర్రాళ్లు కూడా ఆయనను చాచా అనే పిలుస్తున్నారు.