బొందు ఒరుసుకున్న పుండు అనుకున్నాను

నన్ను చావు దాకా తీసుకెళ్లిన జ్వరం గురించి ఇది రాయడానికి చాలా రోజులు ఆగాను. మిషను తొక్కుతుంటే ఆయాసం రాకుండా ఒక్క జాకెట్టు పూర్తిగా కుట్టగలిగిన రోజున రాద్దామనుకున్నాను. ఆ రోజు సంక్రాంతి దాటాక వచ్చింది.

మాది గుంటూరు నల్లచెరువు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. నలభై ఆరేళ్లొచ్చినా పురుళ్లకు తప్ప ఆసుపత్రి మంచం ఎక్కిన మనిషిని కాదు.

2025 నవంబరు 9, కార్తీక మాసం, ఆదివారం. సత్తెనపల్లి వైపు మా తోడికోడలి పుట్టింటివాళ్ల తోటలో వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద పూజ చేసుకున్నాం. పులిహోర, గుత్తొంకాయ, చక్రపొంగలి తిన్నాం. అక్టోబరు ఆఖర్లో మొంథా తుపానుకు కురిసిన వానలకి గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగింది. భోజనాలయ్యాక ఆడవాళ్లం ఆ గడ్డిలోనే కొంగులు పరుచుకుని కాసేపు ఒరిగాం. అంత హాయిగా పడుకుని ఎన్నేళ్లయిందో అనుకున్నాను కూడా.

తొమ్మిది రోజులకు జ్వరం వచ్చింది. కళ్ల వెనక పొడిచినట్టు తలనొప్పి, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. మా వీధి ఆర్ఎంపీ గారు వచ్చి ఇంజక్షను చేసి మాత్రలిచ్చారు. ఆయన రాత్రి పదింటికి పిలిచినా వస్తారు. మా వీధిలో సగం మందికి ఆయనే డాక్టరు. ఇంజక్షను పడ్డాక జ్వరం నాలుగు గంటలు దిగేది, తర్వాత చలితో మళ్లీ ఎగదన్నేది.

మూడో రోజు అర్బన్ హెల్త్ సెంటర్‌కి వెళ్లాను. నా చీటీ నంబరు 94. డాక్టరమ్మ ఒక్కతే. లెక్క ప్రకారం యాభై వేల జనాభాకి అలాంటి సెంటరు ఒకటి ఉండాలట. ఆ యాభై వేల మందిలో ఆ రోజు ఎంతమందికి జ్వరమో గానీ వరండా అంతా దగ్గులే. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆవిడ నా ముఖం చూసింది, ఎన్ని రోజులని అడిగింది, మలేరియాకీ డెంగీకీ రక్తం తీయమని రాసింది. నిమిషం పట్టిందేమో. ఆవిడ మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను, కానీ అది అబద్ధం. కోపం ఉంది. అయితే ఆవిడ ముందు మంచినీళ్ల సీసా మూత కూడా తీయకుండా అలాగే ఉండటం నేను చూశాను. ఆ కోపం ఆవిడ మీద పెట్టుకోవాలో, ఒక్కదాని మీద అంతమందిని వదిలేసినవాళ్ల మీద పెట్టుకోవాలో నాకిప్పటికీ తేలలేదు.

రెండు పరీక్షలూ నెగిటివ్ అన్నారు. 21న పోలి పాడ్యమి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ తెల్లవారుజామున నేను దీపాలు వదల్లేదు. మా అమ్మాయి బేసిన్‌లో నీళ్లు పోసి అరటి దొప్పలో వదిలి, నాకు కనపడేలా మంచం పక్కన పెట్టింది.

22న కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. పేరు రాయను. అక్కడి పెద్ద డాక్టరు ముందు కూర్చునే సరికి నా రక్తం రిపోర్టు ఆయన చేతిలో ఉంది. ప్లేట్‌లెట్లు 92 వేలు. ఆయన కాగితం చూస్తూనే ఉన్నాడు. "ఊపిరి సరిగా అందట్లేదండీ" అన్నాను. ఆయన మా ఆయన వైపు తిరిగి, "ఈవిడకి జ్వరం కంటే టెన్షన్ ఎక్కువగా ఉందండీ. ఈ వయసు ఆడవాళ్లకి మామూలే. వైరల్ ఫీవరు, తగ్గిపోతుంది, మీరు కాస్త ధైర్యం చెప్పండి" అన్నాడు.

ఆ ఒక్క మాట నన్ను మూడు రోజులు మంచంలో పడేసింది. మా ఆయన మంచివాడు, డాక్టరు చెప్పింది నమ్మాడు. ఆయాసంగా ఉందని నేనన్నప్పుడల్లా, "భయపడకే, డాక్టరుగారు చెప్పారుగా" అని వీపు నిమిరేవాడు. అత్తయ్యగారు హనుమాన్ చాలీసా చదివేవారు. నేనూ నమ్మాను. గుండె దడదడలాడుతుంటే, నాకే ధైర్యం తక్కువ కాబోలు, అందరినీ ఏడిపిస్తున్నానని సిగ్గుపడ్డాను. జబ్బుతో ఉన్న మనిషి సిగ్గుపడాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

25వ తేదీ మంగళవారం రాత్రి ఒంటిగంట దాటింది. నా కుట్టు మిషను ముందు మా అమ్మ కూర్చుని ఉంది. చనిపోయి పదకొండేళ్లయింది. ఆకుపచ్చ జాకెట్టుకి ఎర్రదారంతో కుడుతోంది. "దారం మార్చవే అమ్మా, పార్టీ ఊరుకోరు" అంటున్నాను. అమ్మ వినిపించుకోవట్లేదు. పక్కన చదువుకుంటున్న మా అమ్మాయి నా మాటలు విని లేచి వచ్చి ఒంటిమీద చెయ్యేసింది. పెదాలు నల్లబడి ఉన్నాయట. "నాన్నా" అని అది పెట్టిన కేక మాత్రం నాకు బాగా గుర్తుంది.

ఆర్ఎంపీ గారి ఫోను స్విచాఫ్. ఆటో ఎక్కించి మళ్లీ ఆ కొత్తపేట ఆసుపత్రికే తీసుకెళ్లారు. కౌంటర్లో కుర్రాడు, "పెద్ద సారు పొద్దున పదింటికి వస్తారు. ఐసీయూలో పెట్టాలంటే ముందు నలభై వేలు కట్టండి" అన్నాడట. మా ఆయన జేబులో ఆరు వేలున్నాయి. ఆటోలో మా అమ్మాయి ఒడిలో తల పెట్టుకుని ఉన్నాను. బయట వీధి దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. నాకు ఊపిరి పీల్చడం తప్ప మరో ధ్యాస లేదు. అప్పుడే పెదకాకాని మల్లేశ్వరస్వామికి మొక్కుకున్నాను. పిల్ల పెళ్లి దాకా ఉంచు తండ్రీ, పొంగలి పెట్టుకుంటానని.

2005 నుంచి మన కళ్ల ముందు తిరుగుతున్న 108 ఆ వేళ మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆటో అబ్బాయే, "అన్నా, ఇక్కడికి దగ్గర్లో ఇరవైనాలుగ్గంటల క్లినిక్ ఒకటుంది. మా పాపకి ఫిట్స్ వస్తే అక్కడే చూశారు. ముందు అమ్మని అక్కడ చూపిద్దాం పద" అన్నాడు. ఆ అబ్బాయి తర్వాత డబ్బులు కూడా తీసుకోలేదు. ఎక్కడున్నా అతని పిల్లలు చల్లగా ఉండాలి.

రెండు గదులు, నాలుగు మంచాలు, ఆక్సిజన్ సిలిండరు, ఈసీజీ మిషను, పక్కనే మందుల షాపు. ఉన్నదంతా అంతే. డ్యూటీ డాక్టరు ఇరవై ఐదారేళ్ల పిల్ల. పీజీ పరీక్షకి చదువుకుంటోంది కాబోలు, బల్ల మీద దిండంత పుస్తకం, మధ్యలో పెన్సిలు. నా వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసింది, 91. బీపీ 80/50. నర్సుతో ఆక్సిజన్ పెట్టించి, చేతికి సెలైన్ ఎక్కించింది. అప్పుడు మా అమ్మాయిని అడిగింది: "జ్వరం రాకముందు రెండు మూడు వారాల్లో పొలం గానీ తోట గానీ, గడ్డీ పొదలూ ఉన్నచోటికి వెళ్లారా?"

"వనభోజనాలకి వెళ్లామండీ."

"ఒంటిమీద ఎక్కడైనా నల్లగా పెచ్చు కట్టిన పుండు ఉందా అమ్మా?"

లేదని తలూపాను. ఉందని నాకు తెలియదు. అంటే తెలుసు, కానీ అది పుండని అనుకోలేదు.

ఆ పిల్ల నా మాటతో ఊరుకోలేదు. మా ఆయన్ని బయటికి పంపి కర్టెన్ లాగింది. ఫోను లైటు వేసి చెవుల వెనక, మెడ, చంకలు, రొమ్ముల కింద, ఒక్కోచోటా వేళ్లతో తాకుతూ వెతికింది. చీర కుచ్చిళ్లు వదులు చేసి లంగా బొందు పక్కకి జరిపింది. కుడి నడుం పక్కన, సరిగ్గా బొందు కట్టుకునే చోట కనపడింది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, కందిగింజ కంటే కాస్త పెద్దది.

"ఇది ఎన్నాళ్ల నుంచి?"

"బొందు ఒరుసుకుందమ్మా. నొప్పేం లేదు" అన్నాను.

"నొప్పి ఉండదమ్మా, అందుకే ఎవరికీ తెలియదు" అంది. నా నడుం మీద ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది. ఎనిమిది రోజుల్లో నన్ను ముట్టుకుని చూసిన మొదటి డాక్టరు ఆ అమ్మాయి.

స్క్రబ్ టైఫస్ అని అప్పుడే విన్నాను. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కాదు) కుడితే వస్తుందట. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మనం ఎప్పుడూ వినే టైఫాయిడ్ వేరు, ఇది వేరు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడతాయి కాబట్టి డెంగీ అని పొరబడతారు. జ్వరాలకి మామూలుగా పొడిచే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు చాలావరకు దీనిమీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ అని చాలా ఏళ్లుగా ఉన్న చవక మందు పనిచేస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. ఇవన్నీ తర్వాత వార్డులో తెలుసుకున్నాను. ఆ రాత్రి ఆ అమ్మాయి రెండు మాత్రలు నా నోట్లో వేసి నీళ్లు తాగించి, మా ఆయన్ని పిలిచి చెప్పింది: "ఈవిడని నేనిక్కడ ఉంచుకోకూడదండీ. ఐసీయూ అవసరం పడొచ్చు, నా దగ్గర లేదు. జనరల్ హాస్పిటల్‌కి వెంటనే వెళ్లాలి." ఏం చూసిందో, ఏం మందు ఎన్ని గంటలకి వేసిందో కాగితం మీద రాసి, 108కి తనే ఫోను చేసింది. బిల్లు 650 రూపాయలు.

తన చేతిలో లేనిది లేదని చెప్పడం ఎంత పెద్ద గుణమో మాకు ఆ రాత్రి తెలిసింది.

జనరల్ హాస్పిటల్‌లో ఆరు రోజులున్నాను. ఆ కాగితం చూసి క్షణం ఆలస్యం చేయలేదు. అదే మందు రక్తంలోకి ఎక్కించారు. రెండో రోజు రాత్రి దుప్పటి తడిసేలా చెమట పట్టి జ్వరం వదిలింది. రక్త పరీక్షలో ఆ జబ్బేనని తేలింది. పైసా తీసుకోలేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ గొట్టం సరిచేసి, "జడ వెయ్యనా పిన్నీ, చిక్కుపడుతోంది" అన్న నర్సమ్మని మర్చిపోలేను.

డిసెంబరులో టీవీలో ఎక్కడ చూసినా ఈ జబ్బు పేరే వినపడింది. అప్పటికి నేను ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాను. మా ఆయన ఉండబట్టలేక డిశ్చార్జి కాగితం పట్టుకుని ఆ కొత్తపేట డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "పుండు ఉందని మీరు చెప్పలేదు కదా" అన్నాడట ఆయన. నిజమే, చెప్పలేదు. ఊపిరి అందట్లేదని మాత్రం చెప్పాను. ఆ మాటకి నాకు మళ్లీ రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అక్కచెల్లెళ్లకి ఒక మాట. జ్వరం నాలుగో రోజుకీ తగ్గకపోతే తలుపేసుకుని ఒళ్లంతా చూసుకోండి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం. చేతికి అందనిచోట మీ అమ్మాయినో చెల్లెల్నో చూడమనండి. నొప్పి లేని నల్ల పెచ్చు కనపడితే, పొలానికో తోటకో వెళ్లొచ్చి ఉంటే, అడక్కపోయినా డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి. పుండు లేనంత మాత్రాన ఈ జబ్బు కాదనీ కాదు, కొందరికి కనపడదట. మందు మాత్రం సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. తోటకెళ్తే చాప పరుచుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతికేయండి. ఊపిరి అందకపోతే 108 గుర్తుపెట్టుకోండి.

ఆ క్లినిక్కే లేకపోతే నేను లేను. అలాగని ప్రతిదానికీ అక్కడికే పరిగెత్తమని చెప్పలేను. నాకు ఇప్పుడు నెలనెలా ఒకరు బీపీ చూడాలి, ఆయాసం ఎలా ఉందో అడగాలి, పోయిన నెల ఏం రాశారో గుర్తుండాలి. అది రాత్రిపూట ఆపద చూసే చోటు చేసే పని కాదు. మా వీధి చివర హెల్త్ సెంటర్ చేయాల్సిన పని. మూడో రోజునే అక్కడ ఇంకో డాక్టరు ఉండి, నాకు ఇంకో ఐదు నిమిషాలు దొరికి ఉంటే, మా పిల్ల ఆ రాత్రి అలా కేక పెట్టేది కాదు.

పెదకాకానిలో పొంగలి పెట్టుకుని వచ్చిన రోజు సాయంత్రం, ఉసిరికాయ పచ్చడి ఒక సీసాలో పెట్టుకుని ఆ క్లినిక్‌కి వెళ్లాను. రాత్రి ఎనిమిదిన్నర. బెంచీలు నిండిపోయి జనం మెట్ల మీద కూర్చున్నారు. నలభై నిమిషాలకి లోపలికి పిలిచారు. ఆ అమ్మాయే ఉంది. కళ్ల కింద నల్లటి చారలు. పుస్తకం బల్ల మీద లేదు. నన్ను గుర్తుపట్టి, "మానిందా అమ్మా?" అంది. మచ్చ మాత్రం ఉందన్నాను. సీసా చేతిలో పెడితే మొహమాటపడుతూ తీసుకుంది. ఇంకో మాట మాట్లాడేలోపే నర్సు తర్వాతి పేరు పిలిచింది.

కర్టెన్ పక్కకి తీసుకుని వచ్చిన ముసలాయన మా పక్క సందులో ఉండే మేస్త్రీ తాత. పొద్దున హెల్త్ సెంటర్‌లో చీటీలు అయిపోయాయట. "నాలుగు రోజుల్నుంచి జ్వరం తల్లీ" అంటూ స్టూలు మీద కూర్చున్నాడు. బయట ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి, "చొక్కా తీయి తాతా" అంది.